గిర్నిని కడిగిన జొన్నలు

మేమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే మా ఎదురింటామె పోయిన శుక్రవారం పొద్దున్నే చనిపోయింది. తాండూరులో మా వీధికంతటికీ పిండి పట్టే గిర్ని ఆమెదే, ఇంటి ముందు గదిలోనే ఉంటుంది. వాళ్లబ్బాయి మా తలుపు కొట్టి "అక్కా, అమ్మీ పోయింది" అన్నప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇక మా పాపకు పిండి ఎవరు పట్టి ఇస్తారు? మనిషి పోయినప్పుడు ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడ్డాను. సిగ్గుపడినా భయం మాత్రం పోలేదు.

మా పాపకు గోధుమ పడదు. నాలుగేళ్లప్పుడు ఏం తిన్నా కక్కేది. పొట్ట ఉబ్బిపోయి, చేతులు పుల్లల్లా అయ్యాయి. దిష్టి అన్నారు, నులిపురుగులన్నారు. చివరికి వికారాబాద్‌లో పిల్లల డాక్టరు పరీక్షలు చేయించాక తేలింది, గోధుమలో ఉండే గ్లూటెన్ దాని పేగులను పాడుచేస్తోందని. దీనికి మందు లేదు, జన్మంతా చిటికెడు గోధుమ కూడా తగలకూడదు అన్నాడాయన. చపాతీ, సేమ్యా, బ్రెడ్డు మానేస్తే సరిపోతుందనుకున్నాను. ఇంగువలో కూడా గోధుమపిండి కలుపుతారని తెలిసిన రోజు నా వంటిల్లంటే నాకే వణుకు పుట్టింది.

జొన్నపిండి పట్టించుకుందామని డబ్బా తీసుకుని గిర్నికి వెళితే ఖాలా సంగతంతా విని డబ్బా వెనక్కిచ్చేసింది. "గిప్పుడే గోధుమలు పట్టిన బేటీ. రాయిల ఇంక ఆ పిండి ఉంటది. రేపు పొద్దుగాల రా, అందరికంటె ముందల" అన్నది. అంతవరకూ నాకు ఆ ఊహే లేదు. మర్నాడు వెళ్లేసరికి బ్రష్షుతో మిషనంతా దులిపి, తన జొన్నలు ఒక కిలో పోసి పట్టింది. ఆ పిండిని పక్కింటి బర్రెకు పంపింది. "గివి గిర్నిని కడిగిన జొన్నలు. ఇగ నీవి పోస్త" అన్నది. మూడేళ్ల పాటు వారం వారం ఇదే పని. విసుక్కున్నది ఒక్కసారి కూడా చూడలేదు.

పాప బిస్కెట్ల కోసం ఏడుస్తోందని తెలిసి ఖటాయిలు చేయడం నేర్పిందీ ఆమే. జొన్నపిండి, కాస్త శనగపిండి, నెయ్యి, చక్కెర బదులు బెల్లం పొడి, ఇలాచీ. మందపాటి గిన్నెలో ఇసుక పోసి, దానిపై ఖటాయిల పళ్లెం ఉంచి, సన్న మంట మీద మూత పెట్టి కాల్చాలి. నేను నిమిషానికోసారి మూత తీస్తుంటే చేతి మీద కొట్టేది. "జర సబర్ చెయ్యి, ఆగు. నువ్వు తొంగి చూస్తె అవి సిగ్గుపడి కాలవు" అనేది.

ఒకరోజు పాపకు విడిగా పళ్లెం పెట్టడం చూసి కోప్పడింది. "పిల్లకొక్కదానికి వేరే వండకు. అందరు అదే తినున్రి. వేరే పళ్లెం పెడ్తె అది రోగినని అనుకుంటది." ఆమె మాట విని మా ఇంట్లో అందరం జొన్నరొట్టెకు మారాం. రెండు రోజులు మూతి ముడుచుకున్న మా ఆయనకు ఇప్పుడు మరోటి ఎక్కదు. ఆయన పొట్ట కూడా తగ్గింది, ఒప్పుకోడు కానీ.

పోయినేడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఖాలా చెప్పులు కూడా వేసుకోకుండా మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. "మొన్న పొద్దుగాల ఎవరికో అర్జెంటని గోధుమలు పట్టిన. జొరంల ఉండి మర్చిన. కడగకుండనే నీ పిండి పట్టిచ్చిన. పిల్లకు పెట్టినవా?"

పెట్టాను. ఆ పిండితో చేసిన రెండు ఖటాయిలు ఆ పొద్దునే తినేసింది. సాయంత్రానికి వాంతులు మొదలై మూడు రోజులు మంచం దిగలేదు. పాపను చూడ్డానికి ఆమె వచ్చినప్పుడు "నీ చేతిని నమ్మి పెట్టిన ఖాలా" అన్నాను. ఆ తరువాత పదిహేను రోజులు నేను వీధి దాటి వాళ్లింటికి వెళ్లలేదు.

ఆ పిండి పారబోసి, అన్నంతోనే నెట్టుకొచ్చి, చివరికి వేరే దారి లేక వెళ్లాను. ఖాలా నా ముఖం చూడకుండా మిషన్ దులుపుతూ, "ఇంకో గిర్నికి పోతనంటె పో బేటీ. ఆడ గూడ తప్పు జరుగుతది. కానీ నీకెవ్వరు చెప్పరు" అన్నది.

అది దెప్పిపొడుపు కాదు, నిజం. ఆమె నోరు విప్పకపోతే పాపకు ఎందుకలా అయిందో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. నేను నమ్మాల్సింది ఆమె చేతిని కాదు, నోటినని ఆ రోజు అర్థమైంది. ఆ నోరే ఇప్పుడు మూతపడింది.

మూడో రోజు వాళ్లింటికి వెళ్లినప్పుడు అబ్బాయి తనంతట తనే అన్నాడు. "అక్కా, అమ్మీ లెక్క కడుగుడు నాతోని కాదు. అబద్ధం ఎందుకు చెప్పాలె." తల్లికి తగ్గ కొడుకే అనుకున్నాను, కానీ ఇక పిండి ఇంట్లో నేనే ఆడించుకోవాలి.

నిన్న జొన్నలు ఏరి, కొత్త మిక్సీ జారులో ఆడించి, జల్లించి, ఖటాయిలు కాల్చాను. ఒకటి కొరికి చూశాను. రుచి బాగానే ఉంది. గోధుమ కలిసినా ఇలాగే ఉంటుంది కదా, నా నాలుకకు ఏం తెలుస్తుంది? జొన్నల సంచిలో, జల్లెడలో, నా చీర కొంగులో ఎక్కడైనా ఒక నలుసు ఉందేమో. డబ్బాలో సర్ది మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాను.

పాప బడి నుంచి వచ్చి ఒకటి చేతిలోకి తీసుకుంది. వెంటనే తినలేదు.

"నువ్వే చేసినవా?"

"నేనే చేసిన బిడ్డా."

"తప్పైతే చెప్తవా?"

"చెప్త" అన్నాను.

రాలే పొడి కింద పడకుండా గడ్డం కింద చెయ్యి పట్టుకుని, అది మెల్లగా తినడం మొదలుపెట్టింది.