ఎంత కలిపినవ్ బిడ్డా?

మా సర్ పోయారు. మంగళవారం పొద్దున సర్ భార్య, మా ఆంటీ, ఫోన్ చేసి, "మీ సర్ లేడు బిడ్డా" అంది. నేను అల్వాల్‌లో మా వంటింట్లో పాలగిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. ఏడుపు తర్వాతెప్పుడో వచ్చింది గానీ ముందు వచ్చింది భయం. నాలుగేళ్లుగా ఆయనకు చెప్పాల్సిన నిజం ఒకటి నా దగ్గరే ఉంది. ఈసారి కలిసినప్పుడు చెబుదాం, ఈసారి చెబుదాం అనుకుంటూనే గడిపేశాను.

ఆయన చాలాకాలం విమానాలు నడిపారు. రిటైరయ్యాక సీతాఫల్‌మండిలో తమ ఇంటి మేడ మీద గదిలో మాలాంటి పైలట్ పిల్లలకు పాఠాలు చెప్పేవారు. కిటికీ వెనకే రైలు పట్టాలు. బండి వెళ్తుంటే టేబుల్ మీద స్టీలు స్కేలు గలగలలాడేది. సర్ నోరు మూసుకుని కూర్చునేవారు. బండి పోయాక, ఎక్కడ ఆపారో సరిగ్గా ఆ మాట దగ్గర్నుంచే మొదలుపెట్టేవారు. మాది కాకినాడ నుంచి వచ్చిన కుటుంబం. ఆయన మాట నాకు మొదట్లో సగమే అర్థమయ్యేది. కోపం మాత్రం మొదటి రోజే పూర్తిగా అర్థమైంది.

మే నెల ఎండలో, ఫ్యాను వేడిగాలి కొడుతుంటే, ఆయన మాకు చలి గురించి చెప్పేవారు. ముందురోజే ఒక బెలూన్ ఊది, ఆ గది మూలనున్న ఫ్రిజ్‌లో ఐసు పెట్టే అరలో పెట్టేవారు. పాఠం మొదలయ్యే వేళకు తెచ్చి టేబుల్ మీద పెడితే అది వడిలిపోయి ఉండేది.

"సూడుండ్రి. సలికి గాలి ముడుసుకుంటది. మన విమానంల ఎత్తు జూపే మీటర్‌కు ఆ సంగతి తెల్వది. అది వెయ్యి అడుగులున్నవంటది. నువ్వు నిజంగ ఉన్నది తొమ్మిది నూర్ల మీద. ఆ తక్కువైన నూరు అడుగులల్లనే గుట్ట ఉంటది."

ఆయన మాట్లాడుతుండగానే మా కళ్లముందు ఆ బెలూన్ మెల్లగా ఉబ్బేది. వెనక నుంచి ఆంటీ, "కూరగాయలు పెట్టనీకి జాగ లేదు, ఈయన బుగ్గలు పెట్టుకుంటడు" అని సణిగేది. బెలూన్లను ఆవిడ బుగ్గలనేది.

నాకప్పుడు నా తెలివి మీద మహా నమ్మకం. "ఇప్పుడంతా జీపీఎస్సే కదా సర్, ఇంకా ఈ లెక్కలెందుకండీ?" అన్నాను. సర్ బెలూన్‌ను పక్కకు జరిపారు.

"జీపీఎస్ నీకు తొవ్వ జూపిస్తది. ఎంత ఎత్తుల ఉన్నవో గా పాత మీటరే జెప్తది. తొవ్వ సక్కగున్నదని కాళ్ల కింద సూడకుంటె ఎట్ల బిడ్డా?"

అంచేత మంచు కురిసే ఊళ్లలో దిగేటప్పుడు, మ్యాపులో రాసిన ఎత్తుకు చలిని బట్టి ఇంకొంత కలుపుకోవాలి. నేల కనబడేదాకా ఆ అంకె కన్నా కిందికి రాకూడదు. ఇది అందరూ చెప్పే పాఠమే. మా సర్ పద్ధతే వేరు. దిగబోయే ప్రతిసారీ, ముందుగానే ఒక చీటీ రాయాలి. ఊళ్లో చలి ఎంత, కలిపింది ఎంత. విమానంలో కళ్లెదురుగా ఉండే క్లిప్పుకు ఆ చీటీని పెట్టుకోవాలి. పాఠంలో ఎండలు మండే సికింద్రాబాద్ లెక్క ఇచ్చినా చీటీ రాయాల్సిందే.

"సున్నా అయినా రాయాలె. రాయకుంటె, లెక్కజేసినవో మరిసినవో నీకే తెల్వది" అనేవారు.

చలికాలం అయ్యాక ఆ చీటీలన్నీ తెచ్చి ఆయనకివ్వాలి. ఆయన వాటిని కరెంటు బిల్లులు గుచ్చే తీగకు గుచ్చేవారు. భుజాల మీద నాలుగు గీతలొచ్చిన కెప్టెన్లు కూడా బుద్ధిగా మెట్లెక్కి వచ్చి ఇచ్చి వెళ్లేవారు. తేని వాళ్లను ఆయన ఒక్క మాట అనేవారు కాదు, వాళ్లకు టీ కూడా ఇచ్చేవారు కాదు.

ఈ పట్టుదల ఎందుకో ఒకసారి చెప్పారు. వయసులో ఉన్నప్పుడు ఒక శీతాకాలం ఆయనా, ఇంకొకాయనా మబ్బులో దిగుతున్నారు. ఎంత కలిపావని ఈయన అడగలేదు, ఆయన చెప్పలేదు. మబ్బు ఒక్క క్షణం విడింది. "మంచుల గొర్ల కాలిగుర్తులు కనవడ్డయి బిడ్డా. గొర్లు గాదు, గుర్తులు. లెక్కబెట్టొచ్చు, అంత దగ్గర." అది చెప్పి కిటికీలోంచి పట్టాల వైపు చూస్తూ కూర్చున్నారు. ఆరోజు పాఠం అంతటితో సరి.

ఇంత విన్నదాన్ని నేనేం చేశానో చెప్తాను.

నాలుగేళ్ల కిందట, ఒక కొండల ఊళ్లో, ఉదయం. నేను కోపైలట్‌ని. చలి మైనస్ పది దాటింది. రేడియోలో వరసగా పిలుపులు, దారి మార్పులు. ముందు వీటి సంగతి చూసి తర్వాత చీటీ రాద్దామనుకున్నాను. జీపీఎస్ గీత తెర మధ్యలో కదలకుండా, ముచ్చటగా నిలబడి ఉంది. నేనూ రాయలేదు, కెప్టెన్‌గారూ అడగలేదు. ఉన్నట్టుండి విమానమే కేకలు పెట్టింది, నేల, నేల అని. కెప్టెన్‌గారు పైకి లాగారు. ఆ క్షణంలో మబ్బు సందులోంచి ఒక ఇంటి కప్పు కనబడింది. కప్పు మీద మంచు ఊడుస్తున్న ఒకావిడ. చేతిలో చీపురు అలాగే ఉంది, తలెత్తి మమ్మల్నే చూస్తోంది. ఆవిడ నోరు తెరుచుకుని ఉండడం కూడా చూశాను.

రెండోసారి కెప్టెన్‌గారు నోటిలెక్కతో కలిపారు. క్షేమంగా దిగాం. కంపెనీకి ఉన్నదున్నట్టు చెప్పేశాం. తిట్లు తిన్నాను, మళ్లీ శిక్షణకూ వెళ్లాను. అందరికీ చెప్పాను. ఆయన ఒక్కరికే చెప్పలేకపోయాను. హోటల్ గదిలో తీరిగ్గా కూర్చుని ఆరోజు చీటీ రాశాను. చలి ఎంత, కలిపింది ఎంత, అంతా గుండ్రటి అక్షరాల్లో. మిగతా చీటీల మధ్యలో పెట్టి సర్ చేతికిచ్చాను.

ఆయన ఒక్కొక్కటే తిప్పి చూశారు. "ఎంత కలిపినవ్ బిడ్డా?" అన్నారు ఆ చీటీ దగ్గర.

"రాశాను కదా సర్."

"రాసినవు" అన్నారు. టీ ఇచ్చారు.

అప్పటినుంచి ఫోన్‌లో ఎప్పుడు మాట్లాడినా చివర్లో, "ఇంకేమన్న ఉన్నదా?" అని అడిగేవారు. లేదు సర్ అంటే వెంటనే పెట్టేసేవారు కాదు. కాసేపు అలాగే ఉండేవారు. ఆ నిశ్శబ్దంలో వెనక రైలు వెళ్తున్న చప్పుడు వినిపించేది. పెద్దవారు, ఫోన్ పెట్టడం ఆలస్యమవుతుందేమో అనుకునేదాన్ని. ఎంత వెర్రిదాన్ని.

శనివారం వెళ్లాను. ఆంటీ నన్ను మేడ మీదికి తీసుకెళ్లి, "ఎవరియి ఆళ్లకు ఇచ్చేయమన్నడు, నువ్వే జెర ఏరు బిడ్డా" అని తీగ నా చేతికిచ్చింది. నావి ఏరుతూ కూర్చున్నాను. ఎవరి చీటీ చూసినా పైన మధ్యలో క్లిప్పు నొక్కిన గుర్తు, లోతుగా, రెండు పళ్లలా. ఒక్కదానికే లేదు. గుండ్రటి అక్షరాల చీటీ. వెనక్కి తిప్పాను. పెన్సిల్‌తో సర్ చేతిరాత.

"క్లిప్పు గుర్తు లేదు. బిడ్డే చెప్తది."

కింద ఆయన అలవాటు ప్రకారం తేదీ వేశారు. నేను టీ తాగిన రోజే అది.

నా మొహం చూసి ఆంటీ కంగారుగా మంచినీళ్లకని లేచింది. ఫ్రిజ్ తీసి అక్కడే నిలబడిపోయింది. "అయ్యో, ఇదొకటుండె" అంది. మంగళవారం పాఠానికని ఆయన ముందురోజు ఊది పెట్టిన బెలూన్. ఎవరూ తీయలేదు. దాన్ని రెండు చేతులతో తెచ్చి నా ముందు టేబుల్ మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిందికి వెళ్లిపోయింది.

ముడుచుకుపోయి, ముడి దగ్గర ముడతలు పడి ఉంది. దాని లోపల ఉన్నది ఆయన ఊపిరి. వెనక బండి వచ్చింది, స్కేలు గలగలలాడింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. బండి పోయాక చెప్పాను.

"కలపలేదు సర్."

గది వేడికి అది మెల్లగా ఉబ్బసాగింది.