మలమా కట్టని ముడి

అదే చెబుతున్నాను, ఇందాక ఆపింది మలమా కత్తి దగ్గర కదా. కత్తి దగ్గరికి వస్తాను. ముందు మనిషి సంగతి తెలియాలి, లేకపోతే మీకు కత్తే గుర్తుంటుంది.

మలమాకీ నాకూ ఎనిమిదో ఏట నుంచి పడదు. బడిలో నా జడ కొసకి పీత పిల్లని కట్టింది. తర్వాత నేను అదే బడిలో టీచర్నయ్యి ముప్పై ఆరేళ్ళు పనిచేశాను, వాళ్ళక్క పిల్లలందరికీ అక్షరాలు దిద్దించాను. ఒక్కరోజు కూడా ఎలా ఉన్నావని అడిగిన పాపాన పోలేదు. మా దీవిలో మొగలి ఆకు టోపీలు అల్లడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఆ టోపీ పెట్టుకుని చర్చికి వెళితే వెనక వరసలోంచి "వంకరగా పెట్టావు" అని ఆమే అంటుంది. తుఫానుకి ఇంటి కప్పు ఎగిరిపోతే చర్చి వాళ్ళు కొత్త రేకులు వేసిచ్చారు. కృతజ్ఞత చెప్పడానికి బదులు మేకులు వంకర పోయాయని తగువు పెట్టుకుంది. ఇప్పుడు డెబ్బై దాటాయి, నోరు మాత్రం అలాగే ఉంది.

ఆమె ఇల్లు సముద్రానికి దిగే కాలిదారి మొదట్లో ఉంటుంది. ఆ దారి రాతి పగుళ్ళ మధ్య నుంచి దిగి గుహలోని నీలం మడుగు దగ్గర తేలుతుంది. ముడి కట్టే పని ఆమె తండ్రిది. ఆయన పోయాక ఆమెది. ఊరి నుంచి సముద్రానికి దిగే మిగతా మూడు దారుల్లో ముడి కట్టేవాళ్ళు ఎప్పుడో న్యూజిలాండ్ వెళ్ళిపోయారు కాబట్టి ఊరి దారులన్నిటికీ ఆమే కడుతుంది. ఏడాదికోసారి చిన్న ఎర్ర చేపలు మందలుగా ఒడ్డుకొస్తాయి. అప్పుడు దారి మొదట్లో లేత కొబ్బరాకు జడ అల్లి రెండు చెట్ల మధ్య అడ్డంగా కడుతుంది. ఇక సముద్రం మూసినట్టే. వల వెయ్యకూడదు, పడవ దించకూడదు, కొండ అంచున నిలబడి గట్టిగా నవ్వకూడదు. ఎందుకు కట్టావని ఎవరూ అడగరు. కట్టిన చెయ్యే విప్పాలి, ఇంకో చెయ్యి తగలకూడదు. ఇదంతా ప్రతి ఏడూ మూడో తరగతిలో నేనే చెప్పి పరీక్ష పెట్టేదాన్ని.

ఇక టోగియా. మా అన్న కొడుకు, నలభై నాలుగేళ్ళు. ఇరవై ఏళ్ళు ఆక్లండ్‌లో బస్సు నడిపి నిరుడు తిరిగొచ్చాడు. ఎవరూ చూడని చోట్లు చూపిస్తానని పైదేశాల వాళ్ళని పిలిపించుకోవడం మొదలుపెట్టాడు. పాత కథలు చెప్పడానికి నన్నూ రమ్మన్నాడు. నాకేం, సంబరంగా ఒప్పుకున్నాను. కథ మధ్యలో చెయ్యెత్తి ఒంటేలుకి వెళ్ళొస్తానని అడగని విద్యార్థులు నాకు జన్మలో దొరకలేదు.

మొన్న మంగళవారం విమానంలో ఎనిమిదిమంది ఆస్ట్రేలియా వాళ్ళు రావాల్సి ఉంది. సోమవారం సాయంత్రం మా అరుగు మీద కూర్చుని నేను కొబ్బరాకు జడలు అల్లాను, వాడు ఎర్ర మందారాలు గుచ్చాడు.

"నాలుగు దార్ల మొదట్లోనూ కడతాను అత్తా. రాగానే ఫొటో దిగుతారు, కళగా ఉంటుంది."

"పువ్వు ఎడం పక్కన పెట్టు, బాగుంటుంది" అన్నాను. ముప్పై ఆరేళ్ళు పాఠం చెప్పినదాన్ని, నాకు తట్టింది అంతే.

రెండు వారాలుగా ఎగిసిపడిన సముద్రం బుధవారం తెల్లవారేసరికి నూనె పోసినట్టు చదునుగా ఉంది. మగవాళ్ళు పడవలు భుజాన వేసుకుని దారి దాకా వచ్చారు. జడ చూశారు. పడవలు మోసుకుని వెనక్కి తిరిగారు. పువ్వు కూడా చూశారు. "ముసల్దానికి ఈ వయసులో సోకులు" అని ఒకడు గొణిగాడట. ఊరి పెద్ద విలి మనవరాలికి శనివారం చెవులు కుట్టే పండగ. ఆ పడవలు ఆ విందుకి కావలసిన చేప కోసమే బయలుదేరాయి.

ఇదిగో కత్తి ఇక్కడ వస్తుంది. అదే రోజు పొద్దెక్కాక మేము ఎనిమిదిమందినీ వెంటేసుకుని మడుగు చూపించడానికి మలమా దారికి వెళ్ళాం. జడకి అవతల ఆమె నిలబడి ఉంది, చేతిలో పొదలు నరికే కత్తి.

"సముద్రం మూసి ఉంది" అంది.

"అదేం కాదు పిన్నీ, అది అలంకారం. నేనే కట్టాను" అన్నాడు టోగియా.

"అలంకారమైతే నీ మెడకి కట్టుకో. నా గుమ్మంలో కడితే ముడి."

"మరి విప్పేస్తాను, పక్కకి జరుగు."

"ఈ తెల్లవాళ్ళ ముందు, వాళ్ళు ఈతకొట్టడం కోసం విప్పుతావా? చెయ్యి వెయ్యి చూద్దాం." తర్వాత నా వైపు తిరిగింది. "జడ నీదేనా టీచరూ? నీ అల్లిక నాకు తెలీదా, కొస వదులు. బళ్ళో ఏం చెప్పి చచ్చావు ఇన్నేళ్ళు?"

ఆవిడ ఏమంటోందని పైవాళ్ళు అడిగారు. మీకు స్వాగతం చెబుతోంది, మడుగు శుభ్రం చేస్తున్నారట అని టోగియా చెప్పాడు. అందరూ ఆమెకి చేతులూపారు. ఆమె ఉమ్మేసింది.

వాళ్ళని అడవిలో గుహలకి మళ్ళించాం. దారిలో టోగియా నా చెవిలో ఊదాడు: "ఊరికి తెలిస్తే నన్ను మళ్ళీ విమానం ఎక్కిస్తారు అత్తా. నోరు కట్టుకో. పూలు వాడితే వాళ్ళే మర్చిపోతారు." కట్టుకున్నాను. నా జీవితంలో నేను మాట్లాడకుండా ఉన్న మూడు రోజులు అవే.

శనివారం ఊరి పెద్ద ఇంట రెండొందలమందికి డబ్బా చేప వడ్డించారు. డబ్బాలు కోసీ కోసీ విలి బొటనవేలు తెగింది. మలమా వచ్చింది, పిల్లకోసం అరచేతంత టోపీ అల్లి తెచ్చింది. ఆమెకి చోటివ్వడానికి చాప మీద ఎవరూ జరగలేదు.

విలి ఆ టోపీ అందుకోలేదు. "నాలుగు రోజులు సముద్రం ఎందుకు మూశావో చెప్పు. చేప వచ్చిందా?"

"ఎప్పట్నుంచి అడుగుతున్నారు ఎందుకని? మీ నాయన అడిగేవాడా?"

"మా నాయన మనవరాలి పండక్కి డబ్బాలు కొయ్యలేదు. నా మీద కచ్చతో కట్టావు, ఊరంతా అంటోంది. పువ్వులు కూడా పెట్టావు, వెక్కిరించడానికి."

"ఊరు ఎప్పుడు నోరు మూసుకుంది గనక."

"నువ్వు కట్టావా లేదా, ఆ ఒక్కమాట చెప్పు."

నేను మూడు చాపల అవతల తలొంచుకుని చేప ముళ్ళు ఏరుతున్నాను. డబ్బా చేపకి ముళ్ళుండవు.

"కట్టి ఉంది కదా. కట్టి ఉంటే మూసినట్టే" అంది మలమా.

"అయితే విను. సోమవారం మీటింగు. ఇకనుంచి ముడి నీది కాదు. బోర్డు పెడతాం, ఊరి ఆఫీసు వాళ్ళే తెరుస్తారు, మూస్తారు."

ఆమె టోపీని మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. పిల్లలు దాన్ని కుక్క తలకి పెట్టారు. పెద్దవాళ్ళు నవ్వారు.

నేను వెనకాలే వెళ్ళాను. ఇంటి ముందు నా జడ ఇంకా వేలాడుతోంది, పసుపు తిరిగి, మందారం నల్లగా ముడుచుకుని. ఆమె తలుపు సగమే తెరిచింది.

"నాది కాదని చెప్పొచ్చుగా" అన్నాను.

"చెబితే?"

"ముడి నీ దగ్గరే ఉండేది."

"నీ బుర్రకి టీచరు ఉద్యోగం ఎవడిచ్చాడో. ఇది నాది కాదని ఇవాళ నేనంటే, వచ్చే ఏడు నేను కట్టిన దాన్ని చూసి కూడా ఇది మలమాదో కాదో అని దాటేస్తారు. కొబ్బరాకు మీద పేరు రాసి ఉంటుందా?"

"మరి ఊరుకుంటావా? మీ నాయన పని అది."

ఆమె మొహం కాసేపు పక్కకి తిప్పుకుంది. మళ్ళీ తిప్పేసరికి మామూలు మొహమే. "కట్టిన చెయ్యి వచ్చి, ఊరు చూస్తుండగా విప్పితే ముడికి మర్యాద దక్కుతుంది. ఆ చెయ్యి నీ దగ్గర ఉంది, నీ మేనల్లుడి దగ్గర ఉంది. నా దగ్గరకొచ్చి ఏడిస్తే ఏం లాభం?"

"నీకోసమే వచ్చాను మలమా."

"నాకోసం నువ్వు రావద్దు. నువ్వంటే నాకు గిట్టదు." తలుపు వేసేసింది. వంకర మేకు ఒకటి ఊడి నా కాళ్ళ దగ్గర పడింది.

నాకూ ఆమె గిట్టదు. ఇప్పుడు కూడా. రేపు ముడి ఆమె దగ్గరే ఉండిపోతే పై ఆదివారం చర్చిలో నన్ను చూసి ముక్కు చిట్లిస్తుంది, నాకు తెలుసు. పొద్దున టోగియా కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు, "చెప్పొద్దత్తా" అని. వస్తే నాతో రా, రాకపోతే నేను ఒక్కదాన్నే నాలుగు దారులూ తిరిగి విప్పుకుంటాను అన్నాను. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇవాళ ఆదివారం, విలి చర్చి నుంచి వచ్చి భోజనం కూడా ముగించే ఉంటాడు. ఇదిగో, ఈ కప్పు కడిగి పెట్టేసి అతనికి ఫోన్ చేస్తున్నాను. మొదటిమాట ఏమిటో కూడా అనుకుని పెట్టుకున్నాను: విలీ, ఆ జడ నేను అల్లాను, రేపు మీటింగుకి ముందు ఊరందర్నీ దారి దగ్గరకి రమ్మను.