బెల్లం కడాయి పొంగు

మా రెంజల్ వైపు పుట్టినవాళ్లకు బెల్లం అంటే నోరూరుతుంది. నాకు మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజుల్లో, చెరుకు గానుగ దగ్గర నేను కూలికి పిప్పి ఆరబెడుతున్నాను. పాకం చూసే ఆయన చుట్ట వెలిగించుకోవడానికి పక్కకు పోయాడు. అంతలోనే మరుగుతున్న రసం పొంగి కడాయి అంచు దాటింది. అక్కడే ఆడుకుంటున్న నా నాలుగేళ్ల కూతురి మోచేతి మీద పడింది. చేయి దక్కింది గానీ మచ్చ మిగిలింది.

తర్వాత బడిలో అగ్నిపర్వతం పాఠం చెప్పినప్పుడు, అది మా ఊళ్లో కూడా ఉందని పంతులుతో వాదించి వచ్చింది ఆ పిల్ల. నాకు నవ్వు రాలేదు. నేను ఆ గానుగ దారి తొక్కడమే మానేశాను. బెల్లం ఊళ్లో చక్కెర కొనుక్కునే దొరసాని అని ఊరంతా నన్ను ఆట పట్టించేది.

అట్లాంటిది, నిజామాబాద్‌లో నర్సు పని నేర్చుకుంటున్న పిల్ల ఒకనాడు సెలవు పెట్టి వచ్చి, గానుగ చూసొద్దాం పదమంది. కాలిన రోగులుండే వార్డులో ఎవరైనా అరిస్తే చాలు, కళ్లు తిరిగి పడిపోతోందట. మళ్లీ పడితే ఇంటికి పంపేస్తామని పెద్ద నర్సమ్మ తేల్చి చెప్పిందట. కాలిన గాయాలు చూసి జడుసుకుంటోందనుకున్నాను. జడుసుకున్న పిల్లను ఎవరైనా మళ్లీ ఆ పొయ్యి దగ్గరికే తీసుకుపోతారా? వద్దన్నాను, తిట్టాను, అన్నం మానేస్తానని బెదిరించాను. వినలేదు. మొండితనంలో నా పోలికే.

చెరుకు చేల మధ్య గట్టు మీద నడుస్తుంటే నా కాళ్లు వెనక్కే లాగాయి. అదే పాక, అదే కడాయి. పాకం చూసేదీ ఆయనే, ముసలివాడయ్యాడు. నన్ను గుర్తుపట్టి తల దించుకున్నాడు. ఆయన మీద కోపం ఎప్పుడో పోయిందనుకున్నాను, పోలేదు. కూతురు ఇంకో అడుగు ముందుకు వేయకుండా జడ పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు చెప్పింది.

"నాకు మంట యాదికి లేదు అవ్వా. నువ్వు మొత్తుకున్నదే యాదికున్నది. ఎవలు మొత్తుకున్నా నీ గొంతే ఇనొస్తది. అందుకే పడిపోతున్న."

పట్టుకున్న జడ వదిలేశాను. ఆ రోజు ఎంతసేపు అరిచానో నాకే తెలియదు. తల్లి అరవకపోతే ఇంకెవరు అరుస్తారు?

"ఇప్పుడు పొంగు వస్తది. నువ్వు మొత్తుకోకు. గందుకే తీస్కొచ్చిన."

రసం కుతకుతలాడింది. నురగ లేచింది, అంచు దాకా వచ్చింది. పొంగు దించడానికి ముసలాయన ఆముదం గింజలు నూరి కలిపిన నీళ్ల కోసం చేయి చాచేలోపు నా పైప్రాణాలు పైనే పోయాయి. కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నాను. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఆయన నీళ్లు చిలకరించగానే నురగ దిగిపోయింది.

నా బిడ్డ కడాయి వైపు చూడనే లేదు. పొంగు లేచి దిగేదాకా నా నోటి వైపే చూస్తూ, పడిపోకుండా నిలబడే ఉంది.