మూడో రిసీవర్

ఉపగ్రహాలను బట్టి దారి చూపే రిసీవర్లలో లోపలి తప్పు కొలవడంలో మా పరీక్షల హాలు పెద్దాయనను మించినవాడు లేడని పెద్దాయనే చెప్పేవాడు. మేమూ తలూపేవాళ్ళం. కప్పు మీది ఒకే యాంటెనా వైరును రెండుగా చీల్చి, ఒకటి కొత్త రిసీవరుకు, ఇంకొకటి తన బల్ల మీది పాతదానికి తగిలించేవాడు. రెండూ వినేది అవే ఉపగ్రహాలను కాబట్టి రెండూ వాటికి ఒకే దూరం చెప్పాలి. తేడా వస్తే అది పెట్టె లోపలి తప్పే. ఏ పెట్టెలోదో మాత్రం ఆ కొలత చెప్పదు. పెద్దాయన లెక్కలో తప్పెప్పుడూ కొత్తదానిదే. పాతదాన్ని ఇరవై ఏళ్ళుగా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. దాని దుమ్ము కూడా తన తువ్వాలుతోనే తుడిచేవాడు.

ఆ నెల పరీక్షకు వచ్చిన నలభై రిసీవర్లనూ బిగించింది మా దగ్గరే పనిచేసే ఆయన బావమరిది. అన్నింటికి అన్నీ రెండేసి మీటర్ల తేడా చూపించాయి.

"అన్నీ ఒకేలా తప్పుతాయా బావా? మూడోదొకటి పెట్టి చూడరాదూ? నా ఉద్యోగం పోతుంది," అని బతిమాలాడు అతను.

"చూశారా! ఒకే తప్పు నలభైసార్లు చేయాలంటే ప్రతిభ ఉండాలి. మావాడికి ఉంది," అన్నాడు పెద్దాయన.

హాలంతా విరగబడి నవ్వింది. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. సాయంత్రానికల్లా అతన్ని పనిలోంచి తీసేశారు.

మూడు వారాలకు పై ఆఫీసు కొత్త ప్రామాణిక రిసీవరును పంపింది. మూలన పడేసిన ఆ నలభైనీ దానితో కలిపి చూశాం. ఒక్కదానిలోనూ తేడా లేదు. రెండు మీటర్ల తప్పు పాతదానిదే. పెద్దాయన మొహం మాడిపోయింది.

మేనేజరు తలుపు మూసి, "పాతది నిన్ననే పాడైందని రాసెయ్యండి. ఎవరికీ గొడవుండదు," అన్నాడు. పెద్దాయన రాశాడు. కింద సాక్షి సంతకం నాది.

ఆ మధ్యాహ్నం పెద్దాయన నన్ను భోజనానికి ఇంటికి తీసుకెళ్ళాడు. అక్కడ బావమరిదిని చూసి, ఇప్పుడైనా చెప్పేస్తాడనుకున్నాను. ఆయన భార్య వడ్డిస్తూనే తమ్ముణ్ణి దులిపేస్తోంది.

"నీ చేతకానితనం వల్ల మీ బావ నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నారురా!"

అతను కంచంలోంచి తల ఎత్తలేదు. "నిజమే అక్కా. నేనూ బాగా ఆలోచించుకున్నాను. నా చేతిలోనే ఏదో లోపముంది. ఇక ఆ పని జోలికి పోను. తప్పయిపోయింది బావా."

పెద్దాయన నా వైపు చూడకుండా ముద్ద మింగాడు.

"పోనీలేరా, నేనెప్పుడో క్షమించేశాను," అన్నాడు. తర్వాత భార్యతో, "వాడికి ఇంకాస్త అన్నం పెట్టు," అన్నాడు.