బిల్లు లేని బట్టలు

మొన్న హన్మకొండలో మనవరాలికి లంగా గుడ్డ తీసుకుంటుంటే, దుకాణంలోని అబ్బాయి గొంతు తగ్గించి, "బిల్లొద్దంటె జర తక్కువ చేస్తనమ్మా, క్యాషియ్యిన్రి" అన్నాడు. ఆ మాటతో, మన ఈడువాళ్ళకు తెలిసిన ఆ పాత వరంగల్ బజారూ, అందులో మా బాపు నడిపిన బట్టల దుకాణమూ కళ్ళముందు నిలిచాయి.

మా దగ్గరికి ఎక్కువగా వర్ధన్నపేట, తొర్రూరు వైపు రైతులే వచ్చేవారు. పత్తి అమ్మిన పైసలు నడుముకు చుట్టుకొచ్చి, ఇంటిల్లిపాదికీ బట్టలు తీసుకుని, బాపు తెప్పించిన చాయ్ తాగి బస్సెక్కేవారు. బిల్లు అడిగినవాళ్ళే లేరు. పన్ను కడితే పక్క దుకాణం ధరకు అమ్మలేమని, బాపు కూడా టోకు బట్టల సేటు దగ్గర చాలా సరుకు బిల్లు లేకుండానే తెచ్చేవాడు. అందులో తప్పుందని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఒక ఎండాకాలం కరెంటు వైర్లు కాలి దుకాణానికి నిప్పంటుకుంది. పెళ్ళిళ్ళ కోసం నింపిన చీరలన్నీ బూడిదయ్యాయి. ఇన్సూరెన్సు ఉందిలే అని మేము ధైర్యంగానే ఉన్నాం. నష్టం చూడవచ్చిన ఆ కంపెనీ అధికారి బాపు పక్కన కూర్చుని, నొచ్చుకుంటూనే, "బిల్లులున్నదానికే ఇయ్యగలుగుతం సావుకారి గారూ, మిగిలిన సరుకు కాయితాల్ల లేనే లేదు గదా" అన్నాడు.

ఆ సాయంత్రం సేటు పరామర్శకు వచ్చి, పాత తారీకులేసి బిల్లులు రాసిస్తానన్నాడు. అమ్మ ఆశగా చూసింది.

"వద్దు సేటూ," అన్నాడు బాపు. "దొరికితె నాతోటి నువ్వు గూడ మునుగుతవు. నీకూ పిల్లలున్నరు."

అమ్మ నగలు అమ్మి, ఖిలా వరంగల్ దారిలో దుకాణానికి చిన్న గది అద్దెకు తీసుకున్నాం. నా కాలేజీ ఆగిపోయింది. బాపు కొలిచి ఇచ్చిన ప్రతి రవికె గుడ్డకూ నేనే బిల్లు రాసేదాన్ని. ధర ఎక్కువని పాత గిరాకీ చాలామటుకు తప్పుకున్నా, తిండికీ తమ్ముళ్ళ చదువుకూ లోటు రాలేదు. బాపు మాత్రం మునుపటిలా గట్టిగా నవ్వగా నేను వినలేదు.

ఇప్పుడా బజారు నిండా అద్దాల షోరూములు, పన్ను లెక్క కట్టే మిషన్లు. ఆ రోజుల్లోనే ఇవి ఉంటే బాపు అంత దెబ్బ తినేవాడు కాదేమో అనిపిస్తుంది. కానీ దుకాణం కాలిన మర్నాడు, కబురు తెలిసి మొదటి బస్సుకే వచ్చి, మసిబారిన షట్టరు ముందు బాపుతో పాటు కూర్చున్న వర్ధన్నపేట, తొర్రూరు రైతులను తలుచుకుంటే, ఇవాళ ఏ దుకాణం కాలినా కొన్నవాళ్ళలో ఒక్కరైనా అలా వస్తారా అని దిగులేస్తుంది.