కోర్టులో చెప్పాల్సిన మాట

ఇది భారతమంత కథ. అబద్ధమెందుకు, కంభం నుంచి మార్కాపురం దాకా రైల్లో నడిచిన ఒక్క మాట కథ.

ఆ మాట "లంజ". మా గిద్దలూరు పక్క పల్లెల్లో బర్రెను తోలాలన్నా, కాలికి ముల్లు గుచ్చుకున్నా, బావిలో బొక్కెన తాడు తెగినా అదే మాట. చివర కొడుకును తగిలిస్తే స్నేహితుడికి పలకరింపు.

కంభంలో ఎక్కిన ఒక పెద్దావిడ నా ఎదుట కూర్చుంది. కూలికి పోయిన చేలో ఆసామి నలుగురి ముందూ ఆమెను ఆ మాట అన్నాడట. అప్పటినుంచి ఆదివారం ప్రార్థనలో ఆమె పక్కన ఎవరూ కూర్చోరట. కేసు పెట్టింది.

"వాడేమన్నాడో కోర్టులో దొర ముందర నా నోటితోనే చెప్పాలంట నాయనా. లేకుంటే కేసు పోతాదని వకీలు చెప్పినాడు. నా నోట ఎన్నడూ రాలేదే. ఎట్లనాల్నో నువ్వొకసారి అను, ఇంటా."

రోజుకు ముప్పైసార్లు అనేవాణ్ణి. నోరు తెరిచాను. ఆమె ముఖం చూశాక దగ్గు మాత్రమే వచ్చింది.

"ఏంది నాయనా, నీకూ రాదా?"

"రాదు పెద్దమ్మా."

ఆమె కొంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. పాదిరి వెంట ప్రార్థన చెప్పినట్టు ఆ మాట మెల్లగా అంది. రెండోసారి గట్టిగా అంది. రైలు పెట్టెలో అందరూ ఇటు తిరిగారు. ఎవరూ నవ్వలేదు.

"చాల్నా?"

"చాలు పెద్దమ్మా."

మార్కాపురంలో దిగిపోయింది. కేసేమయిందో నాకు తెలియదు.

మా బర్రెను ఇప్పుడు "హై, హై" అని తోలుతున్నాను. అది ఎప్పటిలాగే మెల్లగా నడుస్తుంది.