రేపటిదాకా ఉండే వాసన

మా మావయ్య వీరవెంకటసత్యనారాయణకి కడియంలో నర్సరీ ఉంది. వాళ్ళ నాన్న పరాయి తోటల్లో అంట్లు కట్టాడు, ఈయనా కట్టాడు. ఆ చేతులతోనే నాలుగెకరాలు సంపాదించాడు. అంతవరకూ మెచ్చుకోవచ్చు. కారు కొన్నాక రోగం మొదలైంది. ఒంటిమీద పేడ ఎరువు కంపు కొడుతోందని అనుమానం పట్టుకుంది.

బెంగుళూరు హోటలువాళ్ళు వస్తున్నారని కబురొచ్చింది. వాసన మొక్కలతోనే తోట వేస్తారట. సంపంగి, మరువం, సన్నజాజి లారీలకొద్దీ కావాలట. బేరం కుదిరితే మావయ్య సొంతంగా నిలబడతాడు. లేకపోతే ఎదురు నర్సరీ ముసలయ్యగారికి టోకున మొక్కలిచ్చుకుంటూ ఆయన నీడలోనే బతకాలి. బుద్ధున్నవాడు మొక్కలకి నీళ్ళు పెట్టుకుంటాడు. ఈయన నన్ను వెంటేసుకుని రాజమండ్రి వెళ్ళాడు, సెంటు కొనడానికి.

కొట్లో అమ్మాయి మావయ్య ఒక్కో మణికట్టు మీద ఒక్కో సెంటు కొట్టింది. ఎడమది నిమ్మపూత వాసన, దగ్గరికొస్తేగానీ తెలీదు. కుడిది ఊదు. పక్కనున్న ఇద్దరు వెంటనే అవతలికి జరిగారు.

"ఎడమది ఎంతసేపుంటుందమ్మా?"

"గంటండి. మళ్ళీ కొట్టుకోవాలండి."

"మరి ఇది?"

"రేపు స్నానం చేసినా ఉంటుందండి."

"గంటలో పోయేదాన్ని కొనడమెందుకురా?" అన్నాడు నాతో.

"వచ్చేవాళ్ళు మొక్కల వాసన చూడ్డానికి వస్తున్నారు మావయ్యా. నీది కాదు."

"డిగ్రీ మధ్యలో వదిలేసినోడివి, నువ్వా నాకు చెప్పేది?"

డిగ్రీ వదిలేశాను, నిజమే. ముక్కు వదిలెయ్యలేదు.

నర్సరీకొచ్చిన ప్రతివాడికీ "పువ్వు చూసి మోసపోకండి, వేరు చూడండి" అని పాఠం చెప్పే మనిషి, బంగారు రంగు మూత చూసి ఊదు కొన్నాడు.

మర్నాడు మెడకీ, చంకలకీ, చొక్కాకీ, జేబురుమాలుకీ పట్టించాడు.

"ఏంటండీ, అగరొత్తుల గోదాములో పడుకున్నారా?" అంది సూర్యకళత్త.

"నీకేం తెలుసే, ఇది దర్జా."

హోటలు తరఫున హారతి గారని ఒకావిడ వచ్చింది. సంపంగి పువ్వు కోసి ముక్కు దగ్గర పెట్టుకుంది. మావయ్య పక్కనే వంగాడు. ఆవిడ మరువం నలిపింది. ఈయన ఆవిడ భుజం దాకా తల తెచ్చి, "ఘాటు చూడండి మేడమ్" అన్నాడు. ఆవిడ ఒకడుగు జరిగితే ఈయన రెండడుగులు జరిగాడు. నేను సైగ చేస్తే ఈగ తోలుతున్నాననుకున్నాడు.

"మొక్కలు బాగున్నాయండీ. వాసనే తెలియట్లేదు," అని తుమ్మింది. "ఎదురుగా కూడా చూసొస్తాం."

ఎదురుగా ముసలయ్యగారు బనీనుతో కుర్చీలో కూర్చున్నారు. లేవను కూడా లేదు. అక్కడున్న సంపంగులు పోయినేడు మేమిచ్చినవే. ఆవిడ ఒక పువ్వు కోసి కళ్ళు మూసుకుంది.

గేటు దగ్గర్నుంచి అంతా చూసి, "ఆవిడకి సైనస్ ఉన్నట్టుందిరా," అన్నాడు మావయ్య.

సాయంత్రం ముసలయ్యగారు ఫోన్ చేశారు. హోటలువాళ్ళకి సంపంగులు చాలట్లేదు, ఓ లారీ పంపమని. మావయ్య పాత ధరకే సరేనండీ అన్నాడు. లోడింగు దగ్గర నిలబడి అజమాయిషీ చేస్తుంటే, అవతలికి పొమ్మనలేక కూలీలు ముక్కులకి తువ్వాళ్ళు కట్టుకున్నారు.